క్యాబేజీకి అడవి చుట్టాలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో నాలుగు ముక్కలు రాశాను. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ, కేల్, నూల్‌కోల్ చూడ్డానికి వేర్వేరు కూరగాయలే అయినా నిజానికి ఒకే జాతి మొక్క అనీ, వాటి అడవి చుట్టాలు మధ్యధరా సముద్రపు కొండల మీద ఇప్పటికీ బతుకుతున్నాయనీ, కొత్త వంగడాలు కావాలంటే వాటి గడప తొక్కాల్సిందేననీ. దానికి చాలా ఉత్తరాలొచ్చాయి. ఎక్కువమంది అడిగినవి ఏరి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. విత్తనాల పనిలో చాలా ఏళ్లు గడిపినవాణ్ణి, కాబట్టి కొన్నిచోట్ల కాస్త ఎక్కువే రాశాను.

ప్రశ్న: మాది గుడివాడ, ఉద్యోగాల కోసం వచ్చి ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. మొన్న మే నెలలో వేల్స్ వెళ్లి గ్రేట్ ఓర్మ్ కొండ ఎక్కాం. సముద్రం వైపు సున్నపురాయి అంచున బలిసిన ఆకులు, పసుపు పూలతో ఒక మొక్క కనిపించింది. అడవి క్యాబేజీ అని మాతో వచ్చిన స్నేహితుడు చెప్పాడు. దగ్గరికెళ్లి చూస్తే గడ్డే లేదు. మన క్యాబేజీకి అమ్మమ్మ ఇదేనా అండీ?
(మాంచెస్టర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీరు చూసింది బ్రాసికా ఒలరేసియా అమ్మా. గుడివాడ రైతు బజారులో అమ్మే క్యాబేజీదీ అదే శాస్త్రీయ నామం. గడ్డ లేకపోవడంలో వింతేమీ లేదు. గడ్డ అంటే కాండం చివరి మొగ్గ విచ్చుకోకుండా ఆకులన్నీ ఒకదాని మీద ఒకటి ముడుచుకుపోవడమే కదా, అడవిలో అలా ముడుచుకుపోయిన మొక్కకి పూలకాడ బయటికి రావడమే కష్టం. మనిషి తరాల తరబడి ఏరి ఏరి విత్తనం కట్టుకుంటేనే ఆ గుణం నిలిచింది. మొగ్గని పెంచుకున్నచోట క్యాబేజీ అయింది, పూగుత్తిని పెంచుకున్నచోట కాలీఫ్లవర్, బ్రకోలీ అయ్యాయి, కాండాన్ని ఉబ్బించినచోట నూల్‌కోల్, ఆకుని ఆకుగానే ఉంచేసినచోట కేల్.

మళ్లీ వెళ్తే ఆ మొక్క కాండం చూడండి. కింద కట్టెలా గట్టిపడి, రాలిపోయిన ఆకుల మచ్చలు వరసగా మెట్లలా ఉంటాయి. మన క్యాబేజీలా ఒక్క పంటతో పోయేది కాదు అది, ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆకు మీద వేలితో రుద్దితే బూడిదరంగు మైనం చేతికంటుతుంది, నీళ్లు చల్లితే తామరాకు మీద లాగా జారిపోతాయి. ఉప్పుగాలి, సున్నం నేల, మట్టి గుప్పెడు కూడా లేని పగుళ్లు, ఇవన్నీ తట్టుకోవడానికి అది తయారు చేసుకున్న సరంజామా ఇది. కింద మంచి నేలలో గడ్డి దాన్ని బతకనివ్వదు, మేకలు, గొర్రెలు ఎలాగూ వదలవు. అందుకే ఎవరూ పోటీకి రాని అంచున కూర్చుంది.

ఇక అమ్మమ్మ సంగతి. చాలాకాలం శాస్త్రవేత్తలు కూడా మీలాగే అనుకున్నారు, ఇంగ్లండ్, ఫ్రాన్స్ తీరాల మొక్కే మన క్యాబేజీకి మూలమని. 2021లో ఒక పరిశోధక బృందం 200కు పైగా మొక్కల జన్యువులు చదివి, పాత గ్రీకు, లాటిన్ రాతల్లో క్యాబేజీ ప్రస్తావనలు కూడా పక్కన పెట్టుకుని చూస్తే, సాగు క్యాబేజీకి అతి దగ్గరి అడవి చుట్టం గ్రీసు వైపు ఏజియన్ సముద్ర ప్రాంతంలో ఉండే బ్రాసికా క్రెటికా అని తేలింది. క్రీట్ దీవి పేరే దానికి పెట్టారు. తీరాల మీద అడవి క్యాబేజీ అని పిలిచేవాటిలో చాలావరకు ఎప్పుడో తోటల్లోంచి తప్పించుకుపోయి అడవిపాలైనవి కావచ్చని కూడా ఆ పరిశోధన చూపించింది. కాబట్టి మీరు చూసినదాన్ని అమ్మమ్మ అనలేం, ఏనాడో ఇల్లు వదిలి వెళ్లి కొండల్లో స్థిరపడిన మేనత్త అనొచ్చు. అంతమాత్రాన దాని విలువ తక్కువేమీ కాదు. శతాబ్దాలుగా మందూ మాకూ లేకుండా, ఎరువు లేకుండా, పురుగుల మధ్య బతికిన మొక్క అది. దానిలో నిలిచిన గుణాలు మన మడిలో దొరకవు.

అసలైన చుట్టాలు ఎక్కువగా ఉన్నది సిసిలీలో. బ్రాసికా విల్లోసా, బ్రాసికా ఇంకానా, బ్రాసికా రుపెస్ట్రిస్, పక్కనే ఏగాడి దీవుల్లో బ్రాసికా మాక్రోకార్పా. కోర్సికా, సార్డీనియాల్లో బ్రాసికా ఇన్సులారిస్, సైప్రస్ ఉత్తరాన కొండల వరుసలో బ్రాసికా హిలారియోనిస్. వీటన్నిటికీ మన క్యాబేజీలాగే తొమ్మిది జతల క్రోమోజోములు. అంటే పుప్పొడి రుద్దితే చాలావరకు కాయ పడుతుంది, గింజ మొలుస్తుంది. ఒక ఇంటి మనుషులన్నమాట.

ప్రశ్న: సార్, రెండెకరాల్లో క్యాబేజీ వేస్తాను. వారానికోసారి మందు కొట్టినా పచ్చపురుగు ఆగడం లేదు. అడవి క్యాబేజీకి ఎవరూ మందు కొట్టరు కదా, ఆ తట్టుకునే గుణం తెచ్చి మన క్యాబేజీలో ఎందుకు పెట్టరు? ఇంకోటి, విత్తనం ప్యాకెట్ ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. మేమే విత్తనం కట్టుకుంటే కుదరదా?
(పలమనేరు దగ్గరి రైతు)

జవాబు: మీరు చెప్పే పచ్చపురుగు డైమండ్ రెక్కల పురుగే అనుకుంటున్నాను. ఆకుని తిరగేసి చూడండి. చిన్న పురుగు ఆకు కండ అంతా గీకి తిని పైపొర మాత్రం వదిలేస్తుంది, ఎండకి పట్టుకుంటే అద్దం ముక్కలా కనిపిస్తుంది. పుల్లతో ముట్టుకుంటే గిలగిల్లాడి సన్నటి దారం పట్టుకుని కిందికి వేలాడుతుంది. ఇది మామూలు పురుగు కాదు. 1950లలోనే జావాలో డీడీటీని తట్టుకున్నట్టు రికార్డయింది, తర్వాత వచ్చిన మందుల్ని ఒక్కొక్కటిగా జీర్ణం చేసుకుంటూ వచ్చింది. ఒకే మందు వారం వారం కొడితే చచ్చేవి చచ్చి, తట్టుకున్నవి పిల్లల్ని పెడతాయి. మీ తోటలో జరుగుతున్నది అదే.

అడవి మొక్క ఎలా కాచుకుంటుందో చెబుతాను. క్యాబేజీ, ఆవ, ముల్లంగి కుటుంబంలో ప్రతి మొక్కలోనూ గ్లూకోసినోలేట్లు అనే గంధకం కలిసిన రసాయనాలుంటాయి, వాటిని విడగొట్టే ఎంజైము పక్క కణాల్లో విడిగా ఉంటుంది. పురుగు కొరికితే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. అడవి మొక్కల్లో ఈ ఘాటు ఎక్కువ, పైగా ఇంగ్లండ్ తీరంలో ఒక కొండ మొక్కకీ కొన్ని మైళ్ల అవతలి కొండ మొక్కకీ ఘాటు రకమే మారిపోతుంది. మనం తియ్యగా, చేదు లేకుండా కావాలని ఏరుకుంటూ వచ్చేసరికి సాగు రకాల్లో ఆ కాపలా పలచబడింది.

అలాగని ఘాటు పెంచితే సమస్య తీరుతుందా అంటే, తీరదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. డైమండ్ రెక్కల పురుగు ఈ కుటుంబం మీదే బతకడం నేర్చుకున్న పురుగు. ఘాటు పుట్టకముందే ఆ రసాయనాన్ని పనికిరాకుండా చేసే ఎంజైము దాని కడుపులో ఉంది. అంతేకాదు, ఆ వాసన పట్టుకునే గుడ్లు పెట్టడానికి వెతుక్కుంటూ వస్తుంది. కాబట్టి అలాంటి పురుగుకి వేరే అడ్డు కావాలి. సిసిలీలోని ఇంకానా, విల్లోసా మొక్కల లేత ఆకు మీద దట్టంగా నూగు ఉంటుంది, యూరప్ క్యాబేజీని పీడించే తెల్లదోమ వాటి మీద నిలదొక్కుకోలేదని పరీక్షల్లో తేలింది. మధ్యధరా ప్రాంతపు ఇంకో మొక్క, బ్రాసికా ఫ్రూటిక్యులోసా, పేనుబంకని తట్టుకుంటుంది. లుధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ గుణాన్ని మన ఆవ పంటలోకి దించారు. ఉత్తరాదిలో ఆవ రైతుని ఏటా ఏడిపించేది ఆ పేనుబంకే.

మీ తోటలో నల్లకుళ్ళు తెగులు కూడా చూసే ఉంటారు, ఆకు అంచు నుంచి లోపలికి 'వి' ఆకారంలో పసుపు మచ్చ, ఈనెలు నల్లబడటం. దానికి గట్టి నిరోధకత క్యాబేజీ జాతిలో తక్కువ, ఆవ వైపు చుట్టాల్లో ఎక్కువ. ఇథియోపియా వాళ్లు పండించే ఒక ఆవ, బ్రాసికా కారినాటా, నుంచి ఆ గుణాన్ని కాలీఫ్లవర్‌లోకి తేవడం ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో సాధించారు.

మరి ఇంత తెలిసీ ఎందుకు ఆలస్యం అంటారా. అడవి మొక్కతో కలిపితే మనకి కావాల్సిన ఒక్క గుణమే రాదు. దాంతో పాటు సగం అడవి వచ్చేస్తుంది: చేదు, నూగు, గడ్డ కట్టకపోవడం, పండగానే కాయ పగిలి గింజ రాలిపోవడం. మళ్లీ మంచి క్యాబేజీతో కలపాలి, అప్పుడు పావు వంతు, మళ్లీ కలిపితే అందులో సగం... అలా ఆరుసార్లు కలిపితేగానీ అడవి వాటా సగటున ఒక శాతం లోపుకి దిగదు. ప్రతిసారీ వేల మొక్కల్లో తెగులు ఎక్కించి చూసి, తట్టుకున్నదాన్నే ఏరాలి. క్యాబేజీ ఏడాదికి ఒక్కసారే పూస్తుంది, అదీ చలి తగిలితేనే. లెక్క వేసుకోండి, ఎనిమిది పదేళ్లు ఇట్టే అయిపోతాయి. ఇప్పుడు జన్యు గుర్తులతో నారు దశలోనే ఏరుతున్నారు కాబట్టి కొంత నయం.

విత్తనం సంగతి. మన మైదానాల్లో క్యాబేజీ పూయదు. ఎదిగిన మొక్కకి కొన్ని వారాల పాటు మంచి చలి తగలాలి, అందుకే కులూ లోయ లాంటి చోట్ల విత్తనం కడతారు. పోనీ ఎలాగో పూయించారనుకుందాం, హైబ్రిడ్ అయితే చాలావాటిలో పుప్పొడే ఉండదు. దాని వెనక కథ ఉంది, కింద విద్యార్థి ప్రశ్నలో చెబుతాను. కాబట్టి సొంత విత్తనం ఆశ పెట్టుకోకండి. హైబ్రిడ్ కాని రకాలు కావాలంటే గోల్డెన్ ఏకర్ లాంటివి ఉన్నాయి, నల్లకుళ్ళు బాధ ఎక్కువైతే పూసా ముక్త గురించి అడిగి చూడండి. మీ వ్యవసాయ అధికారితో మాట్లాడి మీ సీజనుకి కుదురుతుందో లేదో నిర్ధారించుకున్నాకే వేయండి, ఎందుకంటే ఇవి చల్లదనం కోరుకునే రకాలు.

ఇప్పటికిప్పుడు మీరు చేయగలిగింది ఒకటుంది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పిన పద్ధతి: ప్రతి 25 వరసల క్యాబేజీకి రెండు వరసలు ఆవాలు. ఒక వరస క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకి చల్లాలి. రెక్కల పురుగుకి క్యాబేజీ కంటే ఆవ మీద మోజు ఎక్కువ, గుడ్లు అక్కడే పెడుతుంది. ఆవ వరసల్ని కనిపెట్టుకుని అక్కడే మందు కొట్టండి, క్యాబేజీ మీద వేపగింజల కషాయంతో సరిపెట్టుకునే ప్రయత్నం చేయండి. మందులు పూర్తిగా మానేయొచ్చని మాటివ్వను, కానీ వారం వారం కొట్టే బాధ తగ్గుతుంది. చూశారా, ఇక్కడ కూడా క్యాబేజీని కాపాడేది దాని చుట్టమే.

ప్రశ్న: వేర్వేరు జాతులు కలిస్తే సంతానం గొడ్డుపోతుంది కదా సార్. మరి ఆవ, ముల్లంగి, క్యాబేజీల మధ్య గుణాలు ఎలా మారుస్తున్నారు? పరీక్షకి కాదు, నిజంగానే అర్థం కాక అడుగుతున్నాను.
(బాపట్ల నుంచి వ్యవసాయ డిగ్రీ విద్యార్థిని)

జవాబు: పరీక్షకి కాదన్నారు, సంతోషం. 1935లో జపాన్‌లో పనిచేస్తున్న వూ జాంగ్ చున్ అనే శాస్త్రవేత్త, తండ్రి కొరియన్, తల్లి జపనీస్, ఈ కుటుంబం గుట్టు విప్పాడు. నల్ల ఆవకి ఎనిమిది జతల క్రోమోజోములు, క్యాబేజీకి తొమ్మిది, టర్నిప్‌కి పది. మన పోపులో వేసే ఆవకి పద్దెనిమిది జతలు. ఎనిమిదీ పదీ కలిస్తే పద్దెనిమిది. అంటే మన ఆవ, నల్ల ఆవకీ టర్నిప్ జాతికీ ఎప్పుడో ప్రకృతిలోనే పుట్టిన బిడ్డ, ఇద్దరి క్రోమోజోములూ మొత్తంగా మోసుకొచ్చింది కాబట్టి గొడ్డుపోలేదు. అలాగే తొమ్మిదీ పదీ కలిసి పందొమ్మిది, అది కనోలా నూనె పంట. ఎనిమిదీ తొమ్మిదీ కలిసి పదిహేడు, అది పైన చెప్పిన ఇథియోపియా ఆవ. మూడు మూలల త్రిభుజంలా దీన్ని గీస్తారు, మీ పుస్తకంలో ఉండే ఉంటుంది. ఆ బొమ్మని బట్టీ పట్టకుండా ఒకసారి వేళ్ల మీద కూడి చూడండి, ఇక మర్చిపోరు.

అంతకుముందే, 1920లలో లెనిన్‌గ్రాడ్‌లో గియోర్గీ కార్పెచెంకో ముల్లంగినీ క్యాబేజీనీ కలిపాడు. రెండిటికీ తొమ్మిదేసి జతలే అయినా ముల్లంగి క్రోమోజోము క్యాబేజీ క్రోమోజోముతో జత కట్టదు, అందుకే మొదటి మొక్కలు దాదాపుగా గొడ్డువే. ఎక్కడో కొన్ని గింజలు పడ్డాయి, వాటిలోంచి వచ్చిన మొక్కల్లో క్రోమోజోములు రెట్టింపై 36 అయ్యాయి. అప్పుడు ప్రతిదానికీ జత దొరికింది, మొక్క పండింది, కొత్త జాతే పుట్టింది. కింద ముల్లంగి దుంప, పైన క్యాబేజీ గడ్డ కాస్తే ఎంత బాగుండునో అని అందరికీ అనిపిస్తుంది, అలాంటిదేమీ రాలేదు, తినడానికి పనికొచ్చే మొక్క కాలేదు. కానీ జాతుల మధ్య గోడ దాటొచ్చని ప్రపంచానికి చూపించింది అతనే. ఆ మనిషిని 1941లో స్టాలిన్ ప్రభుత్వం కాల్చి చంపించింది. అతనితో పనిచేసిన ప్రఖ్యాత వృక్షశాస్త్రవేత్త వావిలోవ్ 1943లో జైల్లో పోయాడు. ఈ సంగతి రాసేటప్పుడు ఇప్పటికీ నాకు చెయ్యి ఆగుతుంది.

ఇప్పుడు ప్రయోగశాలలో ఎలా చేస్తారో చెబుతాను. దూరపు జాతి పుప్పొడి రుద్దితే కాయ పడుతుంది, లోపల పిండమూ మొదలవుతుంది, కానీ దానికి ఆహారం ఇవ్వాల్సిన భాగం సరిగ్గా పెరగక రెండు మూడు వారాల్లో ఎండిపోతుంది. ఎండిపోకముందే కాయని చీల్చి, మైక్రోస్కోపు కింద చెమట కూడా తుడుచుకోకుండా, ఆవగింజలో పావు వంతు కూడా లేని తెల్లటి చుక్కని సూదితో తీసి, పోషకాలు కలిపిన జెల్లీ మీద పెడతారు. వందల కాయలు చీలిస్తే నాలుగైదు మొక్కలు దక్కొచ్చు. మొదటిసారి ఆ గాజు గొట్టంలో పచ్చటి చిగురు కనిపించినప్పుడు కలిగే ఆనందం రాతలో పెట్టలేను.

పుప్పొడి లేని హైబ్రిడ్ సంగతి చెబుతానన్నాను కదా. 1968లో ఒగురా అనే జపాన్ శాస్త్రవేత్త పుప్పొడి తయారు చేయలేని ముల్లంగి మొక్కల గురించి ప్రచురించాడు. ఆ లోపం తల్లి కణం ద్రవంలోంచి వస్తుంది, కేంద్రకంలోంచి కాదు. హైబ్రిడ్ విత్తనం కట్టేవాళ్లకి అదొక వరం, ఎందుకంటే ఆడ వరసలో మొక్క తన పుప్పొడితో తాను ఫలదీకరణ చెందే భయం ఉండదు. 1970లలో ఫ్రాన్స్‌లో దాన్ని క్యాబేజీ కుటుంబంలోకి తెచ్చారు. కానీ చలి పడితే ఆకులు పాలిపోయేవి, ముల్లంగి హరితరేణువులు (ఆకుకి పచ్చదనమిచ్చే కణభాగాలు) క్యాబేజీ కేంద్రకంతో పొసగక. 1983లో రెండు కణాల గోడలు కరిగించి కణాలని కలిపి, పుప్పొడి లేని గుణం ముల్లంగిదీ హరితరేణువులు క్యాబేజీ వైపువీ ఉండేలా చేశారు. ఇవాళ మార్కెట్లో ఉన్న క్యాబేజీ, కాలీఫ్లవర్ హైబ్రిడ్లలో చాలావాటికి మూలం ఇదే. పలమనేరు రైతు చేతిలో ఉన్న ప్యాకెట్లో ఎక్కడో జపాన్ ముల్లంగి రక్తం ఉండే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: ఇదంతా చదివితే టెన్షన్‌గా ఉంది. అడవి మొక్కల జన్యువులు పెట్టిన కూరలు పిల్లలకి పెట్టొచ్చా? ఇది జీఎం పంట కాదా? క్యాబేజీ ఉడికేటప్పుడు వచ్చే ఆ వాసన దీనివల్లేనా?
(తెనాలి నుంచి గృహిణి)

జవాబు: కాదమ్మా, కంగారు పడకండి. జీఎం అంటే ప్రయోగశాలలో జన్యువుని విడిగా తీసి, చాలాసార్లు సంబంధంలేని జీవి నుంచి, మొక్కలోకి చొప్పించడం. 2022 అక్టోబరులో కేంద్ర కమిటీ అనుమతిచ్చిన డీఎంహెచ్ 11 ఆవ అలాంటిది, అందులో బ్యాక్టీరియా జన్యువులున్నాయి, దాని మీద 2024లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పూ ఇచ్చారు. ఇక్కడ నేను చెబుతున్నది పుప్పొడి రుద్ది చుట్టాల్ని కలిపే పద్ధతి. కణాలు కలిపే పద్ధతి మీద మాత్రం యూరప్‌లో కొన్ని సేంద్రియ సంఘాలకి అభ్యంతరం ఉంది, అది దాచను. నా అభిప్రాయం అడిగితే, తినడానికి అందులో భయపడాల్సింది నాకేమీ కనిపించలేదు.

ఒక ఉదాహరణ. సిసిలీ నుంచి 1980లలో తెచ్చిన విల్లోసా మొక్కని ఇంగ్లండ్‌లోని నార్విచ్ శాస్త్రవేత్తలు మామూలు బ్రకోలీతో కలిపి, ఏళ్ల తరబడి ఏరి, పైన చెప్పిన గ్లూకోసినోలేట్లలో ఒకటైన గ్లూకోరఫానిన్ రెండు మూడు రెట్లున్న బ్రకోలీ తయారుచేశారు. 2011లో బెనెఫోర్టే పేరుతో అక్కడి దుకాణాల్లోకి వచ్చింది. కొండ మీద నుంచి పళ్లెంలోకి రావడానికి దాదాపు పాతికేళ్లు. అది తింటే రోగాలన్నీ పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి, మామూలు బ్రకోలీ కూడా మంచి కూరే.

వాసన సంగతి మీ వంటింట్లోనే ఉంది. క్యాబేజీ ఆవపెట్టిన కూర చేస్తారు కదా. ఆవాలు పొడిగా ఉన్నంతసేపు వాసనే ఉండదు. నీళ్లు చిలకరించి నూరితే, లోపల విడివిడిగా ఉన్న రసాయనం, ఎంజైము కలిసి ముక్కుకి తగులుతుంది. అందుకే పెద్దవాళ్లు ఆవముద్దని కూర దించాక, కాస్త చల్లారాక కలపమంటారు. పొయ్యి మీదే వేస్తే ఎంజైము వేడికి చచ్చి ఘాటు పుట్టదు, కూర చేదెక్కుతుంది. ఆవాల్లో ఉన్న సినిగ్రిన్ అనే ఆ రసాయనమే క్యాబేజీలోనూ కొంత ఉంటుంది. ఎక్కువసేపు ఉడికిస్తే ఆ గంధకం పదార్థాలు విరిగి మీరు చెప్పే వాసన వస్తుంది, మూత తీసి తొందరగా దించేస్తే రాదు. పురుగుని తరమడానికి మొక్క దాచుకున్న ఆయుధాన్నే మనం రుచి కోసం రోట్లో నూరుతున్నాం.

ప్రశ్న: మంచి వంగడాలు చేతికొచ్చాక ఎక్కడో విదేశీ దీవుల్లో కలుపు మొక్కల్ని కాపాడటం ఎందుకు? గింజలు నాలుగు ఫ్రిజ్‌లో పెడితే చాలదా?
(రాజమండ్రి నుంచి విశ్రాంత ఉపాధ్యాయులు)

జవాబు: మాస్టారూ, మీ ప్రశ్నలో సగం నిజం ఉంది, గింజలు దాచడం చాలా అవసరం. మాడ్రిడ్‌లో గోమెజ్ కాంపో అనే ప్రొఫెసర్ 1966లో కేవలం ఈ కుటుంబపు అడవి మొక్కల కోసం విత్తన బ్యాంకు మొదలుపెట్టాడు. గింజల్ని బాగా ఆరబెట్టి, తేమ పీల్చే సిలికా జెల్‌తో పాటు గాజు గొట్టంలో వేసి, మంట మీద గాజుని కరిగించి మూసేసి, చల్లటి గదిలో పెట్టాడు. సిలికా నీలం రంగులో ఉన్నంతకాలం లోపల తేమ లేదని గుర్తు. దాదాపు 40 ఏళ్ల తర్వాత కొన్నిటిని పగలగొట్టి మొలకెత్తిస్తే చాలావరకు మొలిచాయి. ఖరీదైన యంత్రాలు కాదు, ఓపిక, శ్రద్ధ అంతే. 1980లలో అంతర్జాతీయ బృందాలు మధ్యధరా కొండలన్నీ తిరిగి గింజలు సేకరించి స్పెయిన్‌లోనూ జపాన్‌లోని సెందాయ్‌లోనూ దాచాయి. మన దేశంలో ఈ పని జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ చేస్తుంది, దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉంది.

కానీ గాజు గొట్టంలో గింజ నిద్రపోతుంది. బయట పురుగు నిద్రపోదు, తెగులు నిద్రపోదు. కొండ మీద మొక్క ప్రతి ఏడాదీ కొత్త పురుగుతో, కొత్త ఎండతో తలపడి కొత్త గింజ రాలుస్తుంది. 1966లో దాచిన గింజకి ఆ తర్వాతి అరవై ఏళ్ల సంగతి తెలియదు. పైగా గొట్టంలో ఉండేవి ఆ రోజు చేతికందిన కొన్ని మొక్కల గింజలే. ఏగాడి దీవుల మాక్రోకార్పా రెండు చిన్న దీవుల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు, తీవ్రంగా అంతరించే ప్రమాదం ఉన్నవాటిలో దాన్ని చేర్చారు. మేకలు, రోడ్లు, కార్చిచ్చు, ఇంకో బాధ కూడా ఉంది: పక్కన తోటలో క్యాబేజీ పూస్తే తేనెటీగ ఆ పుప్పొడి తెచ్చి అడవి పువ్వు మీద వాలుతుంది, కొన్ని తరాలకి అడవిదేదో తోటదేదో తెలియకుండా పోతుంది.

మన దగ్గరి నుంచే ఒక మాట చెబుతాను. 1822లో ఇంగ్లండ్ నుంచి కాలీఫ్లవర్ విత్తనం సహరాన్‌పూర్ కంపెనీ తోటకి వచ్చింది. చలిదేశపు పంట, మన ఎండకి ముందు నిలవలేదు. ఉత్తరాది రైతులు నిలిచినదాని గింజ కట్టుకుంటూ పోయారు. వందేళ్లలో వేడికి కూడా పువ్వు కట్టే కొత్త రకమే తయారైంది, దాన్నే ఇవాళ ప్రపంచమంతా భారతీయ కాలీఫ్లవర్ అంటుంది. వచ్చిన గింజల్లో ఏదో ఒక మూల వేడిని తట్టుకునే గుణం దాగి ఉండబట్టే ఆ రైతులకి ఏరుకోవడానికి ఏదైనా దొరికింది. అందరికీ ఒకే హైబ్రిడ్ అమ్మే రోజుల్లో ఆ మూల ఎక్కడుంటుంది మాస్టారూ? కొండ అంచునే ఉంటుంది. మనకి ఎప్పుడు ఏది కావాల్సొస్తుందో ముందే తెలిస్తే అదొక్కటే దాచుకునేవాళ్లం. తెలియదు కాబట్టే మొత్తం కొండ కావాలి.

ప్రశ్న: మా మేడ మీద కుండీల్లో అడవి క్యాబేజీ పెంచాలని ఉంది. విదేశాల నుంచి వచ్చే బంధువుల చేత గింజలు తెప్పించుకోవచ్చా?
(వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వద్దండీ. అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా గింజలు సూట్‌కేసులో తేవడం మన క్వారంటైన్ నిబంధనలకి విరుద్ధం. గింజతో పాటు మనకి లేని తెగులు వస్తే మూల్యం చెల్లించేది పక్క ఊరి రైతు. పైగా వరంగల్ ఎండకి ఆ మొక్క నిలవడం కష్టం.

ఆ కుటుంబాన్ని చూడాలని ఉంటే దసరా తర్వాత ఒక కుండీలో చిటికెడు పోపు ఆవాలు చల్లండి, ఇంకో దాంట్లో నాలుగు ముల్లంగి గింజలు వేసి, ఒక్కటి మాత్రం పీకకుండా వదిలేయండి. ఆవ పూలు పసుపు, ముల్లంగివి తెలుపు, కొన్నిట్లో ఊదా చార. పువ్వు కోసి అరచేతిలో పెట్టుకుని రేకులు లెక్కపెట్టండి, రెండిట్లోనూ నాలుగే, ఎదురెదురుగా. లోపల ఆరు కేసరాలుంటాయి, నాలుగు పొడుగు, రెండు పొట్టి. గ్రేట్ ఓర్మ్ మీద ఆ పాఠకురాలు చూసిన పువ్వూ సరిగ్గా ఇలాగే ఉంటుంది.